కెమెరా ముందు హక్కు, కెమెరా లేకుంటే నేరం: ఈ వైరుధ్యాన్ని చట్టంలో చదివే పద్ధతి

కాలిఫోర్నియాలో డబ్బు తీసుకుని లైంగిక చర్యకు ఒప్పుకోవడం నేరం. అదే రాష్ట్రంలో అంతే డబ్బు తీసుకుని అదే చర్యను సినిమా కోసం కెమెరా ముందు చేస్తే అది నటన కిందికి వస్తుంది, నిర్మాతను తార్పుడు నేరం కింద జైలుకు పంపడం కుదరదు. మన దేశానికి వచ్చేసరికి పరిస్థితి దాదాపు తిరగబడుతుంది. వయోజనురాలు తన ఇష్టంతో, ఒంటరిగా, నాలుగు గోడల మధ్య డబ్బు తీసుకోవడం దానంతట అది నేరం కాదు గానీ, ఆ చర్యను చిత్రీకరించి ఇంటర్నెట్‌లో పెడితే 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు చట్టానికి తలాతోకా లేదని తేల్చేసి ఊరుకుంటారు. మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు) వాదన తయారుచేసుకునే లా విద్యార్థికి, కోర్టు వార్తలు రాసే విలేకరికి, చట్టాలపై వ్యాసాలు రాసేవారికి ఆ తేల్చివేత సరిపోదు. వైరుధ్యం ఎక్కడ నిజమైనదో, ఎక్కడ పైకి కనిపించేది మాత్రమేనో విడదీయడానికి ఒక చదువు క్రమం కావాలి. ఆ క్రమాన్ని కాలిఫోర్నియా కేసుల ఆధారంగా చూపి, తర్వాత మన చట్టాల మీద ప్రయోగించి చూపడం ఈ వ్యాసం పని. స్వయంగా కేసులో చిక్కుకున్నవారికి ఇది న్యాయ సలహా కాదు. వారు వకీలును కలవడమే దారి.

ముందు ఏ రాష్ట్రమో తేల్చుకోండి

అమెరికాలో వ్యభిచారాన్ని నేరంగా నిర్వచించేవి ప్రధానంగా రాష్ట్రాల చట్టాలు. అందువల్ల "అమెరికాలో ఇది నేరం" అని మొదలయ్యే వాక్యం సగం తప్పుతోనే మొదలవుతుంది. నెవాడాలో జనాభా 7 లక్షల లోపు ఉన్న కౌంటీలు లైసెన్సులిచ్చి వ్యభిచార గృహాలను నడవనీయవచ్చు. లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఆ హద్దును ఎప్పుడో దాటింది కాబట్టి, ఆ పని ఎక్కడ చట్టబద్ధమని లోకమంతా అనుకుంటుందో సరిగ్గా అక్కడ అది నేరం. ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు పక్క రాష్ట్రాన్ని కట్టడి చేయదు. చిత్ర నిర్మాణాన్ని వ్యభిచార చట్టాల పరిధి నుంచి తప్పించిన తీర్పులుగా తరచూ ఉదహరించేవి కాలిఫోర్నియా, న్యూ హ్యాంప్‌షైర్ సుప్రీంకోర్టుల తీర్పులే. వాటిని దేశమంతటి చట్టంగా రాయకూడదు.

మన దేశంలో మూల చట్టం కేంద్రానిది కాబట్టి ఈ చిక్కు కొంత తక్కువ. అయినా రాష్ట్రం ఊసెత్తకుండా కుదరదు. వ్యభిచార గృహాల నిర్వాహకులను విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించే వీలు కల్పించే 1986 నాటి పీడీ చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న చట్టమే. విభజన తర్వాత తెలంగాణకు కూడా అదే సంక్రమించింది.

నిర్వచనాన్ని ముక్కలుగా విడగొట్టండి

నేరం పేరు చూసి అర్థం ఊహించుకోవడం ఈ అంశంలో అందరూ చేసే పొరపాటు. నేరం పేరును కాసేపు పక్కనపెట్టి, ప్రాసిక్యూషన్ ఏమేమి రుజువు చేయాలో కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి. 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన పీపుల్ వర్సెస్ ఫ్రీమన్ తీర్పు ఈ పని ఎలా చేయాలో చూపిస్తుంది కనుక దాన్ని నిదానంగా చదవడం మంచిది.

హెరాల్డ్ ఫ్రీమన్ అశ్లీల చిత్రాల నిర్మాత, దర్శకుడు. 1983లో లాస్ ఏంజిలెస్ సమీపంలోని రాంచో పాలోస్ వెర్డెస్‌లో ఒక ఇంట్లో జరిగిన షూటింగుకు డబ్బిచ్చి నటులను పెట్టుకున్నాడు. అందులో నటించిన ఐదుగురు మహిళలకు గాను అతని మీద ఐదు అభియోగాలు మోపారు. అవి అశ్లీలత అభియోగాలు కావు. సినిమా అశ్లీలమైనదని ప్రాసిక్యూషన్ ఎక్కడా ఆరోపించలేదు. మోపినది కాలిఫోర్నియా శిక్షాస్మృతి 266ఐ సెక్షన్ కింద పాండరింగ్, అంటే వ్యభిచారం కోసం మనిషిని కుదర్చడం. ఆ నేరానికి కనీస శిక్ష 3 ఏళ్ల జైలు. జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. అయితే ఈ వాస్తవాలకు 3 ఏళ్ల జైలు క్రూరమైన శిక్ష అవుతుందని విచారణ న్యాయమూర్తి భావించి ప్రొబేషన్‌తో, అంటే షరతులతో కూడిన పర్యవేక్షణతో, సరిపెట్టారు. దోష నిర్ధారణ మాత్రం అలాగే నిలిచి, కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అక్కడ న్యాయమూర్తులు సినిమా మంచిదా చెడ్డదా అన్న చర్చతో మొదలుపెట్టలేదు. మెట్లు దిగుతున్నట్టు ఒక్కో నిర్వచనం నుంచి దాని కింది నిర్వచనానికి దిగారు. పాండరింగ్ రుజువు కావాలంటే కుదిర్చినది వ్యభిచారం కోసమే అయి ఉండాలి. వ్యభిచారం అంటే డబ్బు కోసమో మరో ప్రతిఫలం కోసమో మనుషుల మధ్య జరిగే అసభ్య చర్య. అసభ్య చర్య అంటే, అంతకుముందు తీర్పుల్లో స్థిరపడిన అర్థం ప్రకారం, లైంగిక ఉద్రేకం కోసం గానీ తృప్తి కోసం గానీ శరీరంలోని నిర్దిష్ట భాగాలను తాకడం. అంటే పై నేరం రుజువు కావాలంటే అట్టడుగు మెట్టు మీద ఉన్న ఉద్దేశం కూడా రుజువు కావాలి: ఆ డబ్బు లైంగిక తృప్తి కోసం ఇచ్చినదై ఉండాలి. ఫ్రీమన్ ఇచ్చినది నటనకు పారితోషికం. తన తృప్తి కోసమో, నటుల తృప్తి కోసమో ఆ డబ్బు ఇచ్చాడనడానికి సాక్ష్యం లేదు. అట్టడుగు మెట్టు కూలిపోయింది గనుక పై మెట్లు కూడా నిలవలేదు.

ఈ తీర్పును "కెమెరా ఉంటే వ్యభిచారం కాదు" అని ఒక్క ముక్కలో కుదించడం తప్పు. కోర్టు చూసినది కెమెరాను కాదు, డబ్బు వెనుక ఉన్న ఉద్దేశాన్ని. ఒక విటుడు గదిలో మూల ఫోను నిలబెట్టి రికార్డు నొక్కినంత మాత్రాన అతనిచ్చిన డబ్బు పారితోషికంగా మారిపోదు. మూట్ కోర్టులో ఎదుటి పక్షం తప్పకుండా ఈ ప్రశ్న వేస్తుంది కాబట్టి సమాధానం ముందే సిద్ధం చేసుకోవాలి.

తీర్పులోని బలహీనతను కూడా గుర్తించాలి. చిత్రాల విషయంలో చివరికి డబ్బు పెట్టేది ప్రేక్షకుడు, అతను పెట్టేది తన తృప్తి కోసమే. డబ్బు చేతికిచ్చిన నిర్మాత ఉద్దేశాన్ని మాత్రమే చూసి, ఆ నిర్మాతకు డబ్బు వచ్చే చోటును చూడకుండా వదిలేస్తే తర్కం సగంలో ఆగినట్టే అనిపిస్తుంది. నా దృష్టిలో నిర్వచనం ఒక్కదాని మీదే నిలబడాల్సి వస్తే ఫ్రీమన్ తీర్పు కొంత ఊగుతుంది. దాన్ని గట్టిగా నిలబెట్టేది దాని రెండో కాలు, అంటే భావప్రకటన హక్కు. దాని సంగతి తర్వాత.

డబ్బు దారిని గీసి చూడండి

నిర్వచనం చదివాక కాగితం మీద మూడు వృత్తాలు గీయండి: డబ్బిచ్చినవారు, చర్యలో పాల్గొన్నవారు, చూసి ఆనందించినవారు. మామూలు వ్యభిచారం కేసులో మొదటి, మూడో వృత్తాలు ఒక్కరే, ఆ వ్యక్తే రెండో వృత్తంలోనూ ఉంటాడు. చిత్ర నిర్మాణంలో మూడూ వేరువేరు. ఈ రెంటి మధ్య ఉన్న కేసుల్లోనే చట్టం నిజంగా ఏమనుకుంటోందో బయటపడుతుంది.

2001లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తేల్చిన ఊటెన్ కేసును తీసుకోండి. ఒక నైట్‌క్లబ్బులో ఇద్దరు నర్తకులు కస్టమరు ఎదుట ఒకరినొకరు తాకుతూ ప్రదర్శన ఇచ్చారు. కస్టమరు డబ్బిచ్చాడు, చూశాడు, ఎవరినీ తాకలేదు. తృప్తి కోసమే డబ్బిచ్చాడు కాబట్టి ఫ్రీమన్ తర్కం ప్రకారం ఇది వ్యభిచారమే అనిపించవచ్చు. కానీ వ్యభిచారం కావాలంటే కస్టమరుకూ వ్యభిచారంలో పాల్గొన్న వ్యక్తికీ మధ్యనే శారీరక స్పర్శ జరగాలని కోర్టు చెప్పింది. దీంతో జాబితాలో మరో అంశం చేరింది: ఉద్దేశంతో పాటు స్పర్శ, ఆ స్పర్శ కూడా డబ్బిచ్చినవారితో.

న్యూ హ్యాంప్‌షైర్ కేసు ఇంకో అంచున ఉంటుంది. స్టేట్ వర్సెస్ థెరియాల్ట్ కేసులో నిందితుడు కోర్టులో భద్రతా ఉద్యోగి. కోర్టుకు వచ్చిన ఒక జంటను పలకరించి, తాను వీడియో తీస్తుండగా మీ ఇద్దరూ శృంగారంలో పాల్గొంటే గంటకు 50 డాలర్లు ఇస్తానన్నాడు. స్టూడియో లేదు, సంస్థ లేదు, ఉద్యోగం చేసే కోర్టు ఆవరణలోనే ఈ బేరం. ఇంతకన్నా ఇబ్బందికరమైన వాస్తవాలు దొరకడం కష్టం. అయినా 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను కొట్టివేసింది. డబ్బు ఇవ్వజూపినది వీడియో తీయడానికి కాదని, నిందితుడి లైంగిక తృప్తి కోసమని ప్రాసిక్యూషన్ ఆరోపించనూ లేదు, రుజువు చేయనూ లేదు. అలాంటప్పుడు వ్యభిచార చట్టాన్ని ఈ వాస్తవాలకు వర్తింపజేయడం రాష్ట్ర రాజ్యాంగం హామీ ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. ఫ్రీమన్ కేసులో పాత్ర పోషించినది ప్రధానంగా శిక్షాస్మృతి నిర్వచనమైతే, ఇక్కడ పోషించినది రాజ్యాంగం. ఫలితం ఒకటే కాబట్టి రెండు తీర్పులనూ ఒకే గాటన కట్టేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. వాదన రాసేవారు ఆ తొందర పడకూడదు.

ఏ హక్కు అడ్డు నిలుస్తుందో, ఎంత గట్టిగా నిలుస్తుందో చూడండి

శిక్షాస్మృతిలో ఎంత వెతికినా దొరకని కారణం రాజ్యాంగంలో దొరుకుతుంది. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో వాక్ స్వాతంత్ర్యానికి రాతపూర్వక మినహాయింపులు లేవు. అశ్లీలతకు ఆ రక్షణ ఉండదని కోర్టులే చెప్పాయి, ఆ అశ్లీలతకు కొలతను 1973లో మిల్లర్ వర్సెస్ కాలిఫోర్నియా తీర్పు మూడు అంశాలతో నిర్ణయించింది. స్థానిక సమాజపు ప్రమాణాలతో చూసే సగటు మనిషికి ఆ రచన మొత్తంగా కామేచ్ఛను రేపేదిగా కనిపించాలి, చట్టం నిర్దిష్టంగా పేర్కొన్న లైంగిక చర్యను బాహాటంగా జుగుప్స కలిగించేలా చూపాలి, మొత్తంగా చూస్తే దానికి గంభీరమైన సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ ఉండకూడదు. మూడూ రుజువైతేనే అది అశ్లీలం. ఇది ప్రాసిక్యూషన్ నెత్తిన పెద్ద బరువే.

ఆ బరువు మోయడం ఇష్టంలేక పక్కదారి పట్టారన్నదే ఫ్రీమన్ కేసులో కోర్టు పట్టుకున్న అసలు విషయం. సినిమా అశ్లీలమని రుజువు చేయకుండానే, నటులను పెట్టుకోవడాన్నే నేరం చేసేస్తే సినిమా ఎలాగూ పుట్టదు. ఆ అభియోగాన్ని మొదటి సవరణను, రాష్ట్రపు అశ్లీలతా చట్టాలను తప్పించుకుని వెళ్లే ప్రయత్నంగా కోర్టు అభివర్ణించింది. ప్రభుత్వం ఈ తీర్పు అమలును ఆపమని అమెరికా సుప్రీంకోర్టును ఆశ్రయించగా, 1989లో జస్టిస్ సాండ్రా డే ఓకానర్ నిరాకరించారు. రాష్ట్ర కోర్టు తన రాష్ట్ర చట్టానికి తానే అర్థం చెప్పింది, తీర్పు నిలవడానికి ఆ ఆధారం ఒక్కటే చాలు కాబట్టి సమాఖ్య కోర్టు జోక్యానికి తావు లేదన్నది ఆమె చూపిన కారణం. సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని ఆమోదించిందని కొందరు రాస్తుంటారు. ఆమోదించలేదు, జోక్యం చేసుకోలేదు. రెండూ ఒకటి కావు.

ఇప్పుడు దీని పక్కన కాలిఫోర్నియా తన పరిధిలో ఉన్న సమాఖ్య అప్పీలు కోర్టు, అంటే తొమ్మిదో సర్క్యూట్, 2018లో ఇచ్చిన తీర్పును పెట్టి చదవండి. వయోజనుల ఏకాంత సాన్నిహిత్యాన్ని నేరం చేయరాదన్న 2003 నాటి లారెన్స్ వర్సెస్ టెక్సాస్ తీర్పు ఆధారంగా, కాలిఫోర్నియా వ్యభిచార నిషేధం చెల్లదని సెక్స్ వర్కర్ల తరఫు సంస్థ వాదించింది. లారెన్స్ తీర్పు డబ్బుకు జరిగే శృంగారానికి వర్తించదని చెప్పి, నిషేధానికి హేతుబద్ధమైన కారణం ఉంటే చాలునన్న తేలికపాటి కొలతతో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అక్రమ రవాణా, హింస, రోగాల వ్యాప్తి వంటి కారణాలు ఆ కొలతకు సరిపోయాయి. సినిమా వైపు ప్రభుత్వం తన నిషేధాన్ని కఠినమైన పరీక్షలో నెగ్గించుకోవాలి, గది వైపు ఏదో ఒక సబబైన కారణం చూపితే చాలు. రెండు పక్కలా ఒకే రకం శరీరాలు, ఒకే రకం చర్యలు, ఒకే రకం ప్రమాదాలు ఉన్నా ఫలితం వేరవడానికి న్యాయశాస్త్రపరమైన కారణం ప్రధానంగా ఇదే.

గొలుసులో ఏ కొక్కేన్ని చట్టం పట్టుకుంటుందో గుర్తించండి

మన చట్టం మీద ఇదే పద్ధతిని ప్రయోగిద్దాం. స్టేషన్లలోనూ పత్రికల్లోనూ "పీటా" అని వ్యవహరించే 1956 నాటి అనైతిక వ్యాపార నివారణ చట్టంలో ఒక్కో సెక్షన్ ఎవరిని శిక్షిస్తుందో వరుసగా చదవండి. 3వ సెక్షన్ వ్యభిచార గృహం నడిపేవారిని, 4వది ఇతరుల వ్యభిచార సంపాదన మీద బతికేవారిని, 5వది మనిషిని కుదిర్చేవారిని, 6వది నిర్బంధించేవారిని పట్టుకుంటాయి. 7వ సెక్షన్ గుళ్లు, బడులు, ఆసుపత్రుల వంటి వాటికి 200 మీటర్ల లోపు జరిగే వ్యభిచారాన్ని, 8వది బహిరంగంగా పిలవడాన్ని నేరం చేస్తాయి. వ్యభిచార గృహం నిర్వచనం కూడా చూడండి: ఆ చోటు మరొకరి లాభానికో, ఇద్దరు లేదా అంతకుమించిన వారి ఉమ్మడి లాభానికో వాడుతూ ఉండాలి. ఈ వలలో ఎక్కడా పడని మనిషి ఒకరు మిగులుతారు: బహిరంగ స్థలాలకు దూరంగా, ఎవరినీ పిలవకుండా, తన సంపాదన తానే తీసుకునే ఒంటరి వయోజన. 2020లో ముగ్గురు మహిళలను సంరక్షణ గృహం నుంచి విడుదల చేస్తూ బొంబాయి హైకోర్టు ఈ చట్టం కింద వ్యభిచారం దానికదే నేరం కాదని చెప్పడానికి మూలం ఇదే.

5వ సెక్షన్‌ను కాలిఫోర్నియా పాండరింగ్ సెక్షన్ పక్కన పెట్టి చదివితే ఆసక్తికరంగా ఉంటుంది. ఇక్కడా కనీస శిక్ష 3 ఏళ్లే. కుదిర్చిన వ్యక్తి సమ్మతి ఉన్నా లేకపోయినా నేరమేనని సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. మరి ఫ్రీమన్ లాంటి నిర్మాత హైదరాబాదులో పట్టుబడితే ఈ సెక్షన్ వర్తిస్తుందా? వ్యభిచారం నిర్వచనానికి వెళ్లాలి. 1956 నాటి పాఠంలో అది ప్రతిఫలానికి శరీరాన్ని అప్పగించే స్త్రీకి సంబంధించిన నిర్వచనం. 1986 సవరణ దాన్ని తీసేసి, వ్యాపార ప్రయోజనం కోసం వ్యక్తులను లైంగిక దోపిడీకి లేదా దుర్వినియోగానికి గురిచేయడం అని మార్చింది. ఈ కొత్త పాఠంలో తృప్తి అనే షరతు లేదు, కస్టమరుతో స్పర్శ అనే షరతు లేదు, అసలు కస్టమరే లేడు. కాలిఫోర్నియాలో నిర్మాతను కాపాడిన రెండు మెట్లూ ఇక్కడ లేవు కాబట్టి, నటులది దోపిడీ అని చూపగలిగితే నిర్మాత మీద 5వ సెక్షన్ వాదన నిలబెట్టడానికి పాఠంలో చోటు ఉంది. దోపిడీ లేదని, ఒప్పందం ప్రకారం పనిచేసిన వయోజనులని డిఫెన్సు వాదించడానికీ అంతే చోటు ఉంది. మూట్ సమస్యకు ఇది మంచి సరుకు.

అయితే ప్రాసిక్యూషన్‌కు ఆ కష్టం అవసరం లేదు, ఎందుకంటే చేతికి అందేంత దూరంలో వేరే సెక్షన్లు ఉన్నాయి. సమాచార సాంకేతిక చట్టం 67ఏ సెక్షన్ లైంగిక చర్య ఉన్న సామగ్రిని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడాన్ని, పంపడాన్ని శిక్షిస్తుంది: మొదటిసారి 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. ఇందులో చిత్రీకరించడం అన్న మాట లేదని గమనించండి. చిన్నపిల్లలకు సంబంధించిన 67బీలో మాత్రం తయారు చేయడం కూడా నేరమే. వయోజనుల చిత్రం తయారీ దశలోనే పట్టుకోవాలంటే భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్‌కు వెళ్లాలి. అమ్మకం, పంపిణీ, ప్రదర్శన వంటి ప్రయోజనాల కోసం అశ్లీల వస్తువును తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం దాని పరిధిలోకి వస్తాయి. 2024 జూలై 1కి ముందు ఇదే నేరం ఐపీసీ 292. షూటింగు జరుగుతుండగా చేసిన దాడికి, వీడియో అప్‌లోడ్ అయ్యాక పెట్టిన కేసుకు ఒకే సెక్షన్లు రాయడం అందుకే సరికాదు.

మన రాజ్యాంగం వైపు నుంచి అడ్డుగోడ ఎంత ఎత్తు? 19(1)(ఏ) అధికరణ భావప్రకటన హక్కు ఇస్తూనే, 19(2) మర్యాద, నైతికతల పేరుతో సహేతుకమైన ఆంక్షలకు చోటిచ్చింది. అమెరికాలో కోర్టులు కష్టపడి తవ్విన మినహాయింపు మన రాజ్యాంగంలో ముందే రాసి ఉంది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు విక్టోరియా కాలపు ఇంగ్లిష్ కొలతను తీసుకుంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని వదిలి, సమకాలీన సమాజ ప్రమాణాలతో మొత్తం రచనను చూడాలని చెప్పింది. కొలత సడలినా, కామోద్రేకమే లక్ష్యంగా ఉన్న చిత్రాన్ని కాపాడేంత సడలలేదు.

ఒక ఉదాహరణను చివరి దాకా నడిపించండి

పద్ధతి చేతికి రావాలంటే ఒకే వాస్తవాల మీద రెండు చట్టాలనూ నడిపించి చూడాలి. అద్దె ఇంట్లో ఉంటున్న ఒక వయోజన జంట తమ శృంగారాన్ని ఒక యాప్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ, చూసేవారి నుంచి డబ్బు వసూలు చేస్తోందనుకుందాం. చూసేవారు తమ తృప్తి కోసమే డబ్బిస్తున్నారు కాబట్టి ఉద్దేశం అన్న మెట్టు నిండింది. కాలిఫోర్నియాలో డబ్బిచ్చినవారితో స్పర్శ లేదు గనుక ఊటెన్ తర్కం ప్రకారం వ్యభిచారం కాదు, అశ్లీలత రుజువు చేయాలంటే మిల్లర్ కొలత దాటాలి. విజయవాడలో అయితే పీటా చట్టంలో ఎవరు ఎవరిని దోపిడీ చేశారన్న ప్రశ్న దగ్గరే కేసు తడబడుతుంది. కుదిర్చిన మూడో మనిషి లేడు, ఆ ఇల్లు వ్యభిచార గృహమా కాదా అన్నదీ వివాదమే. కానీ 67ఏ దగ్గర ఏ తడబాటూ లేదు. ప్రసారం జరిగింది, లైంగిక చర్య ఉంది, అంతే.

ఇప్పుడు ఒక్క వాస్తవం మార్చండి. ఆ జంటలో ఒకరు చిత్రీకరణకు ఒప్పుకున్నారు గానీ ప్రసారానికి ఒప్పుకోలేదు. ఆ వ్యక్తి మహిళ అయితే న్యాయ సంహిత 77వ సెక్షన్ రంగంలోకి వస్తుంది. చిత్రీకరణకు సమ్మతి ఉన్నా, మూడోవారికి పంపడానికి సమ్మతి లేకపోతే పంపడం నేరమని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది. అంతవరకు నిందితురాలిగా కనిపించిన వ్యక్తి ఒక్క వాస్తవంతో బాధితురాలవుతుంది. ఎఫ్‌ఐఆర్ చదివేటప్పుడు ఈ సమ్మతి రెండు దశల్లోనూ విడివిడిగా అడిగారా అన్నది తప్పక చూడాల్సిన విషయం.

తీర్పులో ఆదేశాన్ని, సిఫారసును వేరు చేయండి

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు బయటికి వచ్చాక సెక్స్ వర్క్‌ను కోర్టు చట్టబద్ధం చేసిందన్న అర్థం వచ్చేలా చాలా శీర్షికలు వెలువడ్డాయి. ఉత్తర్వు తెరిచి చూస్తే, కోర్టు నియమించిన కమిటీ చేసిన పది సిఫారసులు అందులో ఉన్నాయి. వాటిలో నాలుగింటి మీద కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. ఇష్టపూర్వకంగా సెక్స్ వర్క్ చేసేవారిని దాడుల్లో అరెస్టు చేయరాదన్న సిఫారసు, అంటే శీర్షికలకు కారణమైన సిఫారసు, ఆ నాలుగింటిలో ఉంది. మిగతా ఆరింటిని పాటించాలని కోర్టు, పూర్తి న్యాయం కోసం ప్రత్యేక ఆదేశాలిచ్చే అధికారాన్ని తనకిచ్చిన 142వ అధికరణ కింద ఆదేశించింది.

ఆ ఆరింటిలో రెండు ఈ వ్యాసానికి నేరుగా సంబంధించినవి. మొదటిది, కండోముల వంటి రక్షణ సాధనాలను నేరానికి సాక్ష్యంగా చూపరాదన్నది. 2019లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన చట్టం కూడా సరిగ్గా ఇదే చెప్పింది. రెండోది మన టీవీ చానళ్లకు తగిలేది. దాడులప్పుడు సెక్స్ వర్కర్లు ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు వేయకూడదు. రక్షించే ఆపరేషన్‌ను చిత్రీకరిస్తున్నామన్న నెపంతో వారి దృశ్యాలు ప్రసారం చేస్తే చాటుగా చిత్రీకరించే నేరపు సెక్షన్‌నే, అంటే నాటి ఐపీసీ 354సీని, మీడియా మీద ప్రయోగించాలి. మొహం మీద చున్నీ కప్పుకుని పరుగెత్తే మహిళల దృశ్యాలు మన తెరల మీద ఎన్ని చూడలేదు. ఆ గదిలో జరిగింది నేరమో కాదో ఇంకా తేలక ముందే ఆ కెమెరా చేసిన పని నేరం కావచ్చన్న సంగతి విలేకరుల్లో చాలామందికి చేరలేదు.

నిజంగా మిగిలే అసంగతిని పేరు పెట్టి రాయండి

ఇంత చదివాక కూడా కొంత వైరుధ్యం మిగులుతుంది. దాన్ని దాచడం వాదనకు బలం కాదు. కాలిఫోర్నియాలో చిత్ర నటులకు రక్తం ద్వారా సోకే రోగాల నుంచి కార్మికులను కాపాడే నిబంధనలు వర్తిస్తాయి. 2012లో లాస్ ఏంజిలెస్ కౌంటీ ఓటర్లు షూటింగుల్లో కండోములను తప్పనిసరి చేశారు. అదే నియమాన్ని రాష్ట్రమంతటా తెచ్చే ప్రతిపాదనను 2016లో రాష్ట్ర ఓటర్లు తిరస్కరించారు. నటుల వయసు పత్రాలు నిర్మాత భద్రపరచాలని సమాఖ్య చట్టం శాసిస్తుంది. వయసు, ఆరోగ్యం, వేతనం అనే మూడు చోట్లా ప్రభుత్వం కెమెరా ఉన్న గదిలోకి ఇన్‌స్పెక్టరుగా ప్రవేశిస్తుంది, కెమెరా లేని గదిలోకి పోలీసుగా ప్రవేశిస్తుంది. వాక్ స్వాతంత్ర్యం సినిమాను ఎందుకు కాపాడుతుందో చెప్పగలదు గానీ, పక్క గదిలో ఉన్న మనిషికి కార్మిక రక్షణ ఎందుకు లేదో చెప్పలేదు. మన దగ్గర అసంగతి మరో రకం. ఒంటరి మహిళ పని నేరం కాదంటూనే, ఇద్దరు కలిసి భద్రత కోసం ఒక ఇల్లు పంచుకుంటే అది వ్యభిచార గృహమవుతుంది. చట్టం ఒంటరితనాన్ని అనుమతించి, తోడును శిక్షిస్తోంది.

చివరగా, మన దగ్గర ఇంకా తేలని ప్రశ్న విటుడిది. పీటా చట్టపు 3, 4 సెక్షన్ల వంటివి కస్టమరుకు వర్తించవని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013, 2014ల్లో కేసులు కొట్టివేసింది, రెండు రాష్ట్రాల కోర్టుల్లోనూ వకీళ్లు ఆ తీర్పులను ఉదహరిస్తుంటారు. 2025లో కేరళ హైకోర్టు మాత్రం డబ్బిచ్చి వ్యభిచారానికి ప్రేరేపించాడన్న కోణంలో 5వ సెక్షన్ కింద కస్టమరును విచారించవచ్చని చెప్పింది. అందువల్ల విటులపై కేసు నమోదైందని వార్త రాసేటప్పుడు ఏ సెక్షన్ కిందో పేర్కొనండి, మూట్ పత్రంలో అయితే రెండు హైకోర్టుల వైఖరినీ పక్కపక్కన పెట్టి, మీ వాదన ఏ సెక్షన్ పాఠం మీద ఆధారపడిందో మొదటి పేరాలోనే చెప్పండి.